ఆకాశంలో ఆ చుక్క ఎక్కడిది? సెన్సర్ దుమ్ముతో నా అనుభవం

ల్యాండ్‌స్కేప్ ఫొటోలు కంప్యూటర్‌లో వేసుకుని చూస్తుంటే ఆకాశంలో పైన ఎడమవైపు ఒక బూడిదరంగు చుక్క కనిపించింది. గుండ్రంగా, అంచులు కాస్త మసగ్గా ఉంది. ఒక్క ఫొటోలో ఉంటే పక్షి అనుకోవచ్చు, కానీ వరసగా అన్ని ఫొటోల్లోనూ అదే చోట ఉంటే అది పక్షి ఎలా అవుతుంది? ఇంకో తమాషా ఏంటంటే, అదే రోజు అదే కెమెరాతో అపర్చర్ (లెన్స్‌లోంచి వెలుతురు వచ్చే రంధ్రం) బాగా తెరిచి తీసిన పోర్ట్రెయిట్లలో దాని జాడే లేదు. ఈ రెండూ కలిపి చూస్తే విషయం అర్థమైపోయింది: సెన్సర్ (లెన్స్ వెనక బొమ్మని పట్టుకునే చిప్) మీద దుమ్ము చేరింది.

చుక్క కనబడగానే ఎవరైనా ముందు లెన్స్‌నే అనుమానిస్తారు, పట్టుకుని తుడిచేస్తారు. కానీ లెన్స్ ముందు అద్దం మీది దుమ్ము ఇలా చుక్కలా పడడం చాలా అరుదు, ఎందుకంటే అది ఫోకస్‌లోకి వచ్చే అవకాశమే దాదాపు లేదు. ఎదురు వెలుతురులో తీస్తే మహా అయితే కాంట్రాస్ట్ కాస్త తగ్గుతుంది, అంతే. వెనక అద్దం మీద పెద్ద మరక ఉంటే కొంచెం ప్రభావం ఉండొచ్చు. తేల్చుకోవడం సులువే, లెన్స్ మార్చి ఇంకో ఫొటో తీయండి, చుక్క అక్కడే ఉంటే తప్పు లెన్స్‌ది కాదు. డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల కదిలే అద్దం ఉండే కెమెరా) వాడేవాళ్లకి ఇంకో అనుమానం వస్తుంటుంది, వ్యూఫైండర్‌లో నల్లటి నలుసులు కనబడుతున్నాయని. అవి ఉండేది కెమెరా లోపలి ఆ అద్దం పైనున్న ఫోకసింగ్ స్క్రీన్ మీద, ఫొటోలోకి రావు. చూడ్డానికి చిరాకే గానీ వాటి జోలికి పోకపోవడమే మంచిది, ఆ స్క్రీన్ మీద గీతలు ఇట్టే పడతాయి.

సెన్సర్ మీద దుమ్ము అని అందరం అంటాం గానీ నిజానికి అది సెన్సర్‌ని తాకదు. సెన్సర్ ముందు పలచటి గాజు ఫిల్టర్లు ఉంటాయి, ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఆపేది ఒకటి, కొన్ని కెమెరాల్లో సన్నటి గీతల్లో వచ్చే తప్పుడు చారలని తగ్గించే లో-పాస్ ఫిల్టర్ కూడా. దుమ్ము వాలేది ఆ గాజు మీద, ఫొటోలో మనకి కనబడేది దాని నీడ. చుక్క ఒకసారి కనబడి ఇంకోసారి మాయమవడానికి కారణం ఇదే. గాజు మీది దుమ్ముకి, కింద పిక్సెళ్లకి మధ్య ఒక మిల్లీమీటరు దూరం ఉందనుకోండి. నీడ అంచు ఎంత మేర పరుచుకుంటుందో ఉజ్జాయింపుగా తెలియాలంటే ఆ దూరాన్ని ఎఫ్ నంబరుతో (అపర్చర్ సైజు చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) భాగిస్తే చాలు. ఎఫ్/2.8 దగ్గర అది దాదాపు 0.36 మిల్లీమీటర్లు, ఎఫ్/16 దగ్గర 0.06. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ దాదాపు 6 మైక్రాన్లు కాబట్టి మొదటి లెక్కలో ఆ నీడ 60 పిక్సెళ్ల మేర పలచబడి కంటికి ఆనదు, రెండో లెక్కలో పదింటిలోనే ముద్దగా పడి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకే ఎప్పుడూ ఎఫ్/2, ఎఫ్/2.8 దగ్గరే తీసేవాళ్లు ఏళ్ల తరబడి దుమ్ముతోనే హాయిగా కాలం గడిపేస్తారు, ల్యాండ్‌స్కేప్, మాక్రో (అతి దగ్గరి ఫొటోలు) తీసేవాళ్లకే ఈ తలనొప్పి. మాక్రోలో అయితే మరీనూ, 1:1 దగ్గర, అంటే వస్తువు దాని అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గరగా, ఎఫ్/16 పెడితే అసలు పనిచేసే అపర్చర్ దాదాపు ఎఫ్/32కి సమానం, మిగతా రోజుల్లో కనబడని నలుసు కూడా బయటపడుతుంది.

శుభ్రం చేయడానికి కూర్చునే ముందు అసలు ఎంత దుమ్ముందో తెలియాలి కదా, దానికి టెస్ట్ ఫొటో ఒకటి తీశాను. అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్ మనం పెడితే షట్టర్ వేగం కెమెరా చూసుకునే మోడ్) ఎఫ్/16, ఐఎస్‌ఓ 100, మాన్యువల్ ఫోకస్. ఎదురుగా తెల్లగోడ గానీ, కంప్యూటర్ తెరమీద ఖాళీ తెల్ల పేజీ గానీ ఏదైనా పర్లేదు. లెన్స్‌ని కావాలనే ఫోకస్ తప్పించి, షట్టర్ ఒకటి రెండు సెకన్లు తెరుచుకుని ఉండేలా చూసుకుని, ఆ కాసేపూ కెమెరాని అటూ ఇటూ కదిలించాను. కదిలిస్తే గోడ మీది గరుకు, తెర మీది చుక్కలు అన్నీ అలుక్కుపోతాయి, కెమెరాతో పాటే కదిలేది దుమ్ము ఒక్కటే కాబట్టి అది మాత్రం స్థిరంగా నిలబడుతుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచితే మంచిది, లేకపోతే తెల్లగోడ బూడిదరంగులో వస్తుంది. తర్వాత ఆ ఫొటోని కంప్యూటర్‌లో 100 శాతానికి పెంచి, కాంట్రాస్ట్ బాగా లాగి, ఒక మూల నుంచి ఇంకో మూల దాకా మెల్లగా జరుపుతూ చూశాను. ఒక్క చుక్క అనుకున్నది కాస్తా ఓ గుంపుగా తేలింది. పైన ఎడమవైపు పెద్దది, కుడి అంచున రెండు మూడు చిన్నవి, మధ్యలో వెంట్రుక ముక్కలా వంకరగా ఒకటి. నా సలహా ఒకటే, ఎఫ్/22 దగ్గర టెస్ట్ చేయకండి. మామూలుగా మీరు వాడే అపర్చర్ కంటే ఒక స్టాప్ చిన్నది పెట్టి (ఎఫ్/11 వాడితే ఎఫ్/16) చూడండి చాలు. ఎఫ్/22లో ఏ కెమెరా పెట్టినా ఏదో ఒక నలుసు కనబడుతుంది, అనవసరంగా టెన్షన్.

ఆ చుక్క సెన్సర్ మీద ఎక్కడుందో వెతికేటప్పుడు ఒక తికమక ఉంటుంది. లెన్స్ బొమ్మని తలకిందులుగా పడేస్తుంది. కెమెరాని మామూలుగా నిటారుగా పెట్టి లెన్స్ తీసి ఎదురుగా చూస్తే, ఫొటోలో పైన ఎడమవైపు ఉన్న చుక్క సెన్సర్ మీద కింద ఎడమవైపు ఉంటుంది. అంటే పైది కిందికి వస్తుంది గానీ కుడి ఎడమలు మారవు, ఎందుకంటే మనం కెమెరాకి ఎదురుగా నిలబడ్డాం కాబట్టి ఆ తిరగడం సరిపోతుంది. ఒక కాగితం మీద గళ్లు గీసుకుని చుక్కలు పెట్టుకున్నాను, చూడ్డానికి చాదస్తంలా ఉంటుంది గానీ తర్వాత చాలా పనికొచ్చింది.

మొదట కెమెరా సొంత క్లీనింగ్ నడిపించాను. ఇప్పుడు దాదాపు అన్నిట్లో ఉండే ఈ పద్ధతి డీఎస్‌ఎల్‌ఆర్‌లలోకి మొదట ఒలింపస్ ఈ-1తో 2003లో వచ్చింది, 2006లో కేనన్ 400డీ, సోనీ ఆల్ఫా 100 కూడా తలా ఒక పద్ధతి తెచ్చాయి. చాలా కెమెరాల్లో జరిగేది ఇదీ: సెన్సర్ ముందున్న గాజుని అతి వేగంగా వణికిస్తారు, అంటీముట్టనట్టున్న దుమ్ము రాలి కింద పడుతుంది, కొన్నిట్లో దాన్ని పట్టుకోడానికి కింద జిగురు పట్టీ కూడా ఉంటుంది. రాలినది కిందికి పోవాలి కాబట్టి కెమెరాని బల్ల మీద నిటారుగా పెట్టి నడిపించడమే సరైన పద్ధతి. వరసగా కొన్నిసార్లు నడిపించి మళ్లీ టెస్ట్ ఫొటో తీస్తే చిన్న చుక్కల్లో కొన్ని పోయాయి, పెద్దది చెక్కు చెదరలేదు.

తర్వాత బ్లోయర్. నా అభిప్రాయంలో ఈ మొత్తం వ్యవహారంలో డబ్బు పెట్టాల్సింది ముందు దీని మీదే, రబ్బరు బుడ్డికి అడుగున వాల్వ్ ఉండే పెద్ద బ్లోయర్ కొనుక్కోవాలి, బొమ్మలాంటి చిన్నది ఉత్త దండగ. కొన్న కొత్తలో రబ్బరు లోపలే పొడి ఉండే అవకాశం ఉంది, అందుకని ముందు గాల్లోకి గట్టిగా ఓ పదిసార్లు నొక్కి వదిలిపెట్టాను. బ్యాటరీ నిండా చార్జ్ చేశాను, ఎందుకంటే డీఎస్‌ఎల్‌ఆర్‌లో క్లీనింగ్ మోడ్ పెడితే అద్దం పైకి లేచి షట్టర్ తెరుచుకుని ఉంటుంది, మధ్యలో కరెంటు ఆగిపోతే రెండూ ఒక్కసారిగా పడిపోతాయి, ఆ దారిలో మన చేతిలోని పరికరం ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. క్లీనింగ్ మోడ్ మెనూలో ఉండగా బల్బ్ మోడ్‌లో షట్టర్ తెరిచి ఉంచడానికి బటన్ నొక్కి పట్టుకుని చేసే పాత చిట్కా జోలికి పోకండి. మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ అద్దం గొడవ లేదు, లెన్స్ తీయగానే చాలావాటిలో సెన్సర్ ఎదురుగానే ఉంటుంది. 2018లో వచ్చిన కేనన్ ఈఓఎస్ ఆర్ లాంటివి మాత్రం ఆఫ్ చేయగానే షట్టర్ మూసేస్తాయి. దుమ్ము పడకుండా అది మంచిదే గానీ ఆ షట్టర్ రెక్కలు మహా సుకుమారం, వాటి మీదికి గట్టిగా గాలి కొట్టకూడదు, వేలు తగలకూడదు.

కెమెరా మూతి కిందికి వచ్చేలా పట్టుకుని, బ్లోయర్ ముక్కు మౌంట్ (లెన్స్ బిగించే చోటు) అంచు దాటి లోపలికి పోకుండా చూసుకుని, కింద నుంచి పైకి ఊదాను. ఇలా పట్టుకుంటే ఊడిన దుమ్ము నేలకి రాలుతుంది. నోటితో ఊదితే సన్నటి ఉమ్మి తుంపర పడి ఎండుతుంది, అది దుమ్ము కంటే మొండిది. డబ్బాలో వచ్చే కంప్రెస్డ్ గాలి ఇంకా అధ్వానం, డబ్బా కాస్త వంగితే లోపలున్న ద్రవం చల్లగా చిమ్ముకొచ్చి గాజు మీద మరక పెడుతుంది. ఊదాక వెంట్రుక ముక్క పోయింది, కుడి అంచునున్న వాటిలో ఒకటి పోలేదు గానీ పక్కకి జరిగింది. జరిగిందంటే అది అతుక్కోలేదన్నమాట, ఇంకాస్త ఊదితే అదీ పోయింది. ఆ పెద్ద చుక్క మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇక్కడ ఆగిపోయే వాళ్లు చాలామంది, అది తప్పేమీ కాదు. నిజానికి గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తేవాళ్లనే ఎక్కువగా చూశాను, చుక్క కనబడ్డ సాయంత్రానికే స్వాబ్ (సెన్సర్ తుడిచే మెత్తటి చదును పుల్ల) కిట్ తెప్పించి రుద్దేస్తారు. గాజు గట్టిదే, కానీ దాని మీద ఇసుక రేణువు లాంటిది ఉండగా తడి స్వాబ్ లాగితే ఆ రేణువే గీత పెడుతుంది. ముందు ఊదడం, తర్వాత తుడవడం అనే వరస ఆచారం కోసం పెట్టింది కాదు, గీత పడకుండా పెట్టింది. నాకు ఎఫ్/11 దగ్గర కూడా ఆ పెద్ద చుక్క స్పష్టంగా కనబడుతోంది, నేను ఎక్కువగా తీసేది అక్కడే, కాబట్టి తడి క్లీనింగ్‌కి దిగాను.

స్వాబ్ వెడల్పు సెన్సర్ ఎత్తుకి సరిపోవాలి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 మిల్లీమీటర్లు కాబట్టి దానికి 24 మి.మీ. స్వాబ్, అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్‌కి 16 మి.మీ. విడివిడిగా సీల్ చేసి వచ్చేవే తీసుకోవాలి. చెవుల కోసం వాడే దూది పుల్లలు, కళ్లజోడు గుడ్డ, లెన్స్ తుడిచే ద్రవం, ఇవేవీ వద్దు. దూది పోగులు వదులుతుంది, లెన్స్ ద్రవం చారలు పెడుతుంది. సెన్సర్ కోసం అమ్మే ద్రవం త్వరగా ఆవిరయ్యేది, మిథనాల్ లాంటి ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి కిటికీ తీసి పెట్టుకోండి, మంటకి దూరంగా ఉంచండి.

ఫ్యాన్ ఆపేశాను, చేతులు కడుక్కున్నాను, గది తలుపు మూశాను. టేబుల్ లైటు వాల్చి సెన్సర్ మీద ఏటవాలుగా వెలుతురు పడేలా పెట్టి చూస్తే, కాగితం మీద గీసుకున్న గడిలోనే, సరిగ్గా కింద ఎడమవైపు, సూదిమొన అంత మెరుపు కనబడింది. స్వాబ్ అంచున రెండు చుక్కల ద్రవం వేసి, అది ఇంకేదాకా కొన్ని సెకన్లు ఆగాను. అది తడిగా ఉండాలి గానీ కారకూడదు. స్వాబ్‌ని ఒక అంచున ఆనించి, లాగే దిక్కుకి కాస్త వాల్చి, ఆగకుండా ఒకే ఒత్తిడితో అవతలి అంచు దాకా లాగాను. ఒత్తిడి అంటే కాగితం మీద పెన్సిల్‌తో పలచగా గీసేటంత, అంతకు మించి వద్దు. అక్కడ దాన్ని ఎత్తి, రెండో ముఖం తిప్పి, ఇటువైపు నుంచి వెనక్కి లాగి పారేశాను. ఒక స్వాబ్‌కి ఒక్కో ముఖం ఒక్కసారే, ఖర్చుకి ముడుచుకుని మళ్లీ వాడితే మొదటిసారి తీసిన మట్టినే తిరిగి పూసినట్టు. బాడీ లోపలే స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) ఉన్న కెమెరాల్లో సెన్సర్ కాస్త ఊగుతూ ఉంటుంది, మొదటిసారి స్వాబ్ కింద అది కదిలితే గుండె గుభేల్‌మంటుంది. క్లీనింగ్ మోడ్‌లో దాన్ని ఎలా నిలిపి ఉంచుతారో మీ మాన్యువల్‌లో ముందే చదువుకోండి.

టెస్ట్ ఫొటో తీస్తే పెద్ద చుక్క లేదు. కానీ ఎడమ అంచున సన్నటి చార వచ్చింది, ద్రవం ఎండిన గుర్తు. తడి క్లీనింగ్‌లో ఇది మామూలే, స్వాబ్ మొదలుపెట్టిన అంచున ద్రవం ఎక్కువ దిగుతుంది. ఒక్క చుక్కే వేసిన ఇంకో స్వాబ్‌తో తుడిస్తే పోయింది. మూల దగ్గర మాత్రం ఒక చిన్న నలుసు మిగిలింది, అది ఎఫ్/16లో కంటికి ఆనీ ఆననట్టు ఉంటుంది, ఎఫ్/11లో లేనే లేదు. దాన్ని వదిలేశాను. దాని వెంట పడితే ఇంకో స్వాబ్, ఇంకో చార, దాని కోసం ఇంకో స్వాబ్, తెల్లారిపోతుంది.

అతుక్కుపోయే చుక్కల్లో ఇంకో రకం ఉంది, షట్టర్ యంత్రం నుంచి చిమ్మే నూనె. దుమ్ము నీడ తరచుగా వంకర టింకరగానో, అంచులు మసగ్గానో ఉంటే ఇవి చక్కగా గుండ్రంగా, మధ్యలో లేతగా, అంచు ముదురుగా కనబడతాయి. బ్లోయర్‌కి లొంగవు సరికదా, పొడిబ్రష్‌తో రాస్తే నూనె అంతా పులుముకుంటుంది. 2012లో వచ్చిన నికాన్ డీ600లో ఇలాంటి మచ్చల గురించి చాలామంది ఫిర్యాదు చేశారు, మరుసటి సంవత్సరమే కొత్త షట్టర్‌తో డీ610 వచ్చింది. కొత్త కెమెరాలో మొదటి కొన్ని వేల ఫొటోల్లో ఇలా కాస్త చిమ్మడం ఉండొచ్చు, కాబట్టి కొన్న కొత్తలో చుక్కలు వస్తే అది లెన్స్ మార్చడం రాకపోవడం వల్లే అనుకోకండి, వారంటీలో ఉంటే సర్వీస్‌కే ఇవ్వండి.

నా విషయంలో దుమ్ము ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే బయటి గాలి కంటే ముందు దొరికింది లెన్స్ వెనక మూత. లైటు కింద పెట్టి చూస్తే అంచు వెంబడి బూడిదలా పేరుకుని ఉంది, దాంట్లో జేబు దారప్పోగులు కూడా. ఆ మూతని లెన్స్‌కి పెడితే దుమ్ము లెన్స్ వెనకకి, అక్కడి నుంచి లెన్స్ బిగించగానే బాడీలోకి. సెన్సర్‌ని మెరిపించి మూతలని అలాగే వదిలేస్తే వారం తిరక్కుండా మళ్లీ మొదటికొస్తుంది. మూతలు సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాను, బ్యాగ్‌ని లోపలి అరలతో సహా వాక్యూమ్ చేశాను. జూమ్ చేస్తే బయటికి సాగే లెన్సులు గాలిని లోపలికీ బయటికీ పంపిస్తుంటాయి, దానికి చేయగలిగింది పెద్దగా లేదు. బయట లెన్స్ మార్చాల్సి వస్తే కెమెరా ఆఫ్ చేసి, గాలికి వీపు పెట్టి, కొత్త లెన్స్ మూత ముందే వదులు చేసుకుని, బాడీ మూతి కిందికి ఉంచి మారుస్తున్నాను.

పాత ఫొటోల్లో ఉండిపోయిన చుక్కలు సాఫ్ట్‌వేర్‌లోనే తీశాను. లైట్‌రూమ్‌లో హీలింగ్ టూల్‌తో పాటు విజువలైజ్ స్పాట్స్ అనే ఆప్షన్ ఉంది, ఫొటోని నలుపు తెలుపు గీతల బొమ్మగా మార్చి చుక్కల్ని పట్టిస్తుంది. చుక్క అన్ని ఫొటోల్లో ఒకేచోట ఉంటుంది కాబట్టి ఒకదాంట్లో సరిచేసి మిగతావాటికి సింక్ చేస్తే సగం పని అయిపోతుంది, ఆకాశం బదులు ఆ చోట చెట్టో గోడో వచ్చిన ఫొటోలు మాత్రం విడిగా చూసుకోవాలి. వీడియోకి ఈ సుఖం లేదు. కెమెరా తిప్పుతుంటే దృశ్యం కదులుతుంది, చుక్క మాత్రం తెర మీద కదలకుండా కూర్చుంటుంది, దాన్ని తీయడం ఫొటోలో తీసినంత తేలిక కాదు. ఎండలో వీడియో తీసేవాళ్లు ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే ముదురు గాజు) పెట్టుకుని అపర్చర్ తెరిచి ఉంచుకుంటే దుమ్ము బెడద దానంతటదే తగ్గిపోతుంది.

అన్నీ చేసినా ఒక చుక్క ఎంత ఊదినా, ఎంత తుడిచినా ఒక్క వెంట్రుకవాసి కూడా జరగకపోతే అది ఫిల్టర్ గాజుకి వెనకవైపు ఉండొచ్చు, లేదా కోటింగ్ మీద గీత అయ్యుండొచ్చు. విప్పి చూడాల్సిన పని అది, మన చేతిలోది కాదు. లెన్స్ ఊడని చిన్న కెమెరాలదీ ఇదే కథ, వాక్యూమ్ క్లీనర్ ఆనించి దుమ్ము లాగేయొచ్చని కొందరు చెప్తారు గానీ నేనైతే చేయను. సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు ఎఫ్/16లో తీసిన టెస్ట్ ఫొటోని కార్డులో కాపీ పెట్టి, చుక్క ఎక్కడుందో చూపించి ఇవ్వండి, లేకపోతే ఊది ఇచ్చేస్తారు. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే, ఆ కౌంటర్ ముందే, అదే అపర్చర్‌లో ఇంకో ఫొటో తీసి పెద్దది చేసి చూసుకున్నాకే సంతకం పెట్టండి.